రెండు బంకర్లూ, నా కన్నమూ

మా అమ్మ ఆ మాట ఫోన్లో చెప్పింది. నేను లాండ్రీలో పనిలో ఉన్నాను. చేతిలో ఆవిరి కక్కే ఇస్త్రీపెట్టె, దాని కింద ఎవరిదో తెల్ల చొక్కా.

"బుజ్జీ, నేను పెళ్ళి చేసుకుందామనుకుంటున్నానే. నువ్వు సరే అంటేనేలే. వద్దంటే మానేస్తాను."

చొక్కా కాలింది. ఇన్నేళ్ళలో నా చేతి కింద ఒక్క గుడ్డ కాలి ఎరగదు.

"ఎవర్ని?" అన్నాను.

"మాస్టార్ని. మా పక్క బంకరాయన."

పక్కింటాయన అంటే లోకంలో జరిగేదేలే అనుకోవచ్చు. పక్క బంకరాయన సంగతి అర్థం కావాలంటే ముందు మా ఆయన చేసిన నిర్వాకం చెప్పాలి.

మా నాన్న పోయి చాలా కాలమైంది. అమ్మ ఒక పెద్ద బట్టల దుకాణంలో లిఫ్టు నడిపేది. స్టూలు మీద కూచుని "పైకా, కిందికా?" అని అడుగుతూ, మీటలు నొక్కుతూ నన్ను పెంచి పెద్దచేసింది. రిటైరై మా ఇంటికి వచ్చాక ఊరికే కూచోవడం ఆవిడకి చేతకాలేదు. నా వంటింటి డబ్బాలన్నీ దింపి తన పద్ధతిలో సర్దేసింది. ఉప్పెక్కడుందో తెలియక మేం కొన్నాళ్ళు చప్పిడి తిండి తిన్నాం. మా ఆయనది కంప్యూటర్లూ ఆట యంత్రాలూ బాగుచేసే కొట్టు. ఎవరో వదిలేసిపోయిన యంత్రం ఒకటి బాగుచేసి తెచ్చి, "అత్తయ్యా, కాలక్షేపానికి ఇది ఆడుకోండి" అని ఆవిడ గదిలో పెట్టాడు. పెద్దావిడకి ఏ పేకముక్కల ఆటో ఇచ్చాడనుకున్నాను. ఈ మహానుభావుడు అణుయుద్ధం ఇచ్చాడు.

ఆ ఆటలో లోకం తగలబడిపోయింది. ఆడేవాళ్ళు ఎవరిళ్ళల్లో వాళ్ళు కూచున్న నిజం మనుషులే, హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు. ఊళ్ళన్నీ మొండిగోడలు. మిగిలినవాళ్ళకి తలొకటి భూమి కింద సొంత బంకరు ఉంటుంది. మొదట్లో అది ఒట్టి కన్నం: ఒక మంచం, ఒక దీపం, చక్రం తిప్పితే తెరుచుకునే ఇనపతలుపు. బయట తిరిగి సామాను ఏరుకొచ్చి దాన్ని పెంచుకోవాలి. అప్పుడప్పుడు సైరను మోగుతుంది, కాసేపటికి విషగాలి వీస్తుంది. ఆ గాలికి చిక్కినవాడు చస్తాడు. సొంత బంకరున్నవాడైతే చచ్చినా తన మంచం మీద మళ్ళీ లేస్తాడు. లేనివాడు పోయినట్టే, పేరుతో సహా తుడిచిపెట్టుకుపోతాడు.

అందరూ తుపాకులు పోగేసుకుంటుంటే అమ్మ గిన్నెలు పోగేసింది. గోడకి రంగు వేసింది, నేలకి తివాచీ పరిచింది, డబ్బాల తిండిని రంగుల వారీగా పేర్చింది. రాక్షసులు మీదికొస్తే కాల్చేది కాదు. సరిగ్గా ముక్కు దాకా రానిచ్చి తలుపు వేసేసేది. తలుపు ఎప్పుడు వెయ్యాలో లిఫ్టు నడిపిన మనిషికి ఒకరు చెప్పాలా? కాలక్షేపం కాస్తా కాపురమైంది. అన్నానికి పిలిస్తే, "పొయ్యి మీద నీళ్ళు పెట్టొచ్చానే, వస్తున్నా" అనేది. ఆ పొయ్యి ఎక్కడిదని నేను తలుపు దగ్గర నిలబడి తిట్టుకునేదాన్ని.

మాస్టారు ఆవిడకి ఆ శిథిలాల్లోనే తగిలాడు. ఆయన అసలు పని కారు నడపడం నేర్పడం. మా ఊళ్ళోనే, అవతలి కొసన ఉంటాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. ఆటలో ఒకరోజు అమ్మ సామాను ఏరుకుంటూ పోతుంటే, కూలిన నాలుగు రోడ్ల కూడలిలో ఒక మనిషి కదలకుండా నిలబడి ఉన్నాడట. దెబ్బ తగిలిందేమో అని దగ్గరికి వెళ్ళి అడిగితే, "లేదండి, ఎర్రదీపం" అన్నాడట. లోకంలో కరెంటు లేదు, కారు లేదు, ఆ సిగ్నలు స్తంభం సగానికి విరిగి వేలాడుతోంది. దానికున్న ఎర్ర గాజు మాత్రం పగల్లేదు, అంచేత ఆగాడు.

"ఎవరూ చూడని చోట కూడా ఆగాడే," అంది అమ్మ నాతో. "అది నచ్చింది నాకు."

ఆ మనిషి ఆగింది ఎర్రదీపానికి కాదు, నా ప్రాణానికి అనుకున్నాను. నాకు భయం వేసింది. అమ్మ మా ఇంట్లో ఉంది కనుక నాకు ధైర్యం. వంటింట్లో ఆవిడతో రోజూ యుద్ధమే, కానీ ఆవిడ లేకపోతే ఆ వంటింట్లోకి నాకు అడుగుపెట్టబుద్ధి కాదు. పైగా ముక్కూ మొహం తెలియని మనిషి. ఆవిడ మనసు విరిచి పోతే అతికించాల్సింది నేనే.

నాకు మనుషుల్ని బట్టల్ని బట్టి చూడటం అలవాటు. మనిషి నోటితో ఎన్నైనా చెప్తాడు, జేబులూ కాలరూ చూస్తే నిజం బయటపడుతుంది. అందుకని, "ఆయన కోటు ఏదన్నా ఉంటే ఉతకడానికి నా దగ్గరికి తెమ్మను" అన్నాను అమ్మతో. మర్నాడే వచ్చాడు. సన్నగా, నిటారుగా ఉన్నాడు. కోటు మడతపెట్టి రెండు చేతులతో బల్ల మీద పెట్టాడు. భుజం మీదుగా ఏటవాలుగా గుడ్డ అరిగి మెరుస్తోంది. అది సీటు బెల్టు చేసిన పని. చేతుల చివరి అంచులు శుభ్రం. జేబులో మడత చెడని చేతిరుమాలు, రెండు పిప్పరమెంటు బిళ్ళలు. మరక అన్నది లేదు. మనిషన్నాక ఎక్కడో ఒక టీ మరకైనా ఉండాలి కదా. ఏదో దాస్తున్నాడని నా అనుమానం ఇంకా పెరిగింది.

ఆ సమయానికి మా లాండ్రీలో పనిచేసే కుర్రదాని బండి, అంటే ఉతికిన బట్టలు తోసుకొచ్చే చక్రాల బండి, వెనకనుంచి వేగంగా వచ్చింది. మాస్టారి కుడికాలు దానంతటది నేలని గట్టిగా తొక్కింది. తొక్కి, సిగ్గుపడి, నా వైపు చూశాడు.

"అలవాటమ్మా. మా కార్లో నా వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది."

"మా అమ్మ విషయంలో తొక్కలేదే మరి," అన్నాను.

"చాలా తొక్కానమ్మా. ఆగలేదు," అన్నాడు.

నవ్వు వచ్చింది గానీ ఆపుకున్నాను. అంత తేలిగ్గా నవ్వేస్తే ఇక నా పరువేం కావాలి?

ఇలా కాదని నేనూ ఆ ఆటలో దిగాను. మా ఆయన తన కంప్యూటర్లో నాకు ఒక మనిషిని తయారుచేసిపెట్టాడు. వాళ్ళిద్దరి బంకర్లకీ మధ్యలో నాకూ ఒక కన్నం వచ్చింది. దానికి రంగూ లేదు, తివాచీ లేదు. నేను కాపురం చెయ్యడానికి వెళ్ళలేదు, కాపలా కాయడానికి వెళ్ళాను. గోడలకి గుద్దుకుంటూ, గుంటల్లో పడుతూ, వాళ్ళిద్దరి వెనక నడిచాను.

నేను చూసిందేమిటంటే, వాళ్ళిద్దరూ ప్రపంచం మొత్తం మీద మర్యాద మిగిలిన ఆఖరి మనుషులు. ఏ గుమ్మం దగ్గరికి వెళ్ళినా, "మీరు ముందు" అంటే "అయ్యో, మీరు ముందు" అనుకుంటారు. వెనక రాక్షసులు పళ్ళు నూరుతూ వస్తున్నా సరే, ఇద్దరూ గుమ్మం ముందు వంగి నిలబడి ఉంటారు. ఒకసారి అలాగే ఇద్దరూ చచ్చిపోయి, ఎవరి మంచం మీద వాళ్ళు లేచి, మళ్ళీ కలుసుకుని ఒకరికొకరు క్షమాపణలు చెప్పుకున్నారు.

మాస్టారి బంకరు కూడా చూశాను. గోడల నిండా రోడ్డు పక్కన పీకిన గుర్తుల పలకలే. నెమ్మది, మలుపు ఉంది, హారన్ వద్దు. మధ్యలో పాడైన కారులోంచి తీసిన రెండు సీట్లు పక్కపక్కన. వాటిలో ఒకటి కొత్తగా తెచ్చినట్టు తెలుస్తూనే ఉంది. అందులో అమ్మ కూచుని, ఎక్కడికీ పోని ఆ సీట్లలో ఆయనతో షికారు పోతున్నట్టు కబుర్లు చెప్పేది.

అయినా నేను లొంగలేదు. ఒకరోజు టీ తాగుతుంటే అమ్మకి షరతు పెట్టాను.

"పూటకో గంట కబుర్లు ఎవరైనా చెప్పుకుంటారమ్మా. ఒక చూరు కింద ఉంటే తెలుస్తుంది అసలు రంగు. ముందు ఆ ఆటలో ఇద్దరూ ఒకే బంకర్లో ఉండండి. కొట్టుకోకుండా కొన్నాళ్ళు ఉంటే అప్పుడు ఆలోచిస్తాను."

"నిజంగా ఆలోచిస్తావా?" అంది అమ్మ, టీ కప్పు పక్కన పెట్టేసి.

"ఆలోచిస్తానన్నాను. సరే అనలేదు."

ఆవిడకి అదే చాలు. ఆ సాయంత్రం గదిలోంచి కూనిరాగం వినిపించింది. నన్ను చూసి మా ఆయన ముసిముసిగా నవ్వాడు. నవ్వకండి అన్నాను.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ ఆటలో మనిషికి ఒక్క బంకరే. ఇంకొకరి బంకర్లో చేరాలంటే తనది సిమెంటు పోసి పూడ్చేయాలి. పూడ్చాక మళ్ళీ తవ్వడం కుదరదు. ఎవరిది పూడ్చాలి అన్న దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. పేచీ అంటే మనం పడే పేచీ కాదు.

"మీ బంకరు విశాలమండీ, నేనే వస్తాను."

"ఎంత ముచ్చటగా పెట్టుకున్నారండీ, దాన్ని పూడుస్తారా. నేనే వస్తాను."

ఎన్ని రోజులైనా ఇదే పాట. గోడ ఇవతల నాకు తల తిరిగిపోయేది. ఎవరైనా నాదే ఉండాలని కొట్టుకుంటారు. వీళ్ళు నాది పోవాలని కొట్టుకుంటున్నారు.

ఆదివారం మధ్యాహ్నం. నేను భోంచేసి కునుకు తీస్తున్నాను. అమ్మ గదిలోంచి పిలుపు వచ్చింది. ఆవిడ అంత గట్టిగా పిలవడం నేనెప్పుడూ వినలేదు. పరుగెత్తాను.

తెర మీద ఎడారి లాంటి రోడ్డు. రోడ్డు మధ్య అమ్మ మనిషి, చేతిలో టీ కెటిల్‌తో. ఆవిడకి ఎదురుగా మాస్టారి మనిషి, వీపు మీద కారు సీటుతో. ఇద్దరూ కదలకుండా నిలబడి ఉన్నారు.

"ఏమైందమ్మా?"

"నేను పూడ్చేశానే," అంది అమ్మ. "ఇలా మాట్లాడుకుంటూ పోతే తేలేది కాదని, ఆయనకి చెప్పకుండా పూడ్చేసి, ఆయన దగ్గరికి బయల్దేరాను. తీరా సగం దూరం వచ్చేసరికి..."

హెడ్‌ఫోన్లోంచి మాస్టారి గొంతు దీనంగా వచ్చింది. "నేనూ అదే పని చేశానమ్మా."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక మంచం మీద కూలబడి నవ్వాను. కడుపు పట్టుకుని నవ్వాను. లోకంలో ఇంకే ఇద్దరూ ఇలాంటి తప్పు చెయ్యలేరు. అంతలో తెరలోంచి సైరను మోగింది. నా నవ్వు ఆగిపోయింది.

"గాలి వచ్చేస్తుందే," అంది అమ్మ. "మాకు మంచం లేదు. పోతే పోయినట్టే."

"పోతే ఏమైంది, మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు కదా."

"వీళ్ళు కదే మేం కలిసిన మనుషులు," అంది, తెర మీద ఆ ఇద్దర్నీ చూపించి. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీ తలుపు తీస్తావా?"

హాల్లోకి పరుగెత్తాను. మా ఆయన అప్పటికే కంప్యూటరు పెట్టి కుర్చీ లాగి సిద్ధంగా ఉన్నాడు. నా మనిషి నా కన్నంలో మంచం మీద లేచి కూచుంది. తలుపు చక్రం తిప్పాలి. నేను ఏదో నొక్కాను, మంచం మీద గెంతడం మొదలుపెట్టింది. ఇంకేదో నొక్కాను, దీపం ఆరిపోయింది.

"బుజ్జీ, ఎక్కడున్నావే?" గోడ అవతల్నుంచి అమ్మ.

"చీకట్లో గెంతుతున్నానమ్మా!"

మా ఆయన చెయ్యి అడ్డం పెట్టి, ఇది కాదు అది అని చూపించాడు. చక్రం తిరిగింది, తలుపు తెరుచుకుంది. బయట ఆకాశం పచ్చగా కమిలిపోయి ఉంది. దుమ్ములోంచి ఇద్దరూ పరుగెత్తుకొచ్చి, నా గుమ్మం ముందు ఆగారు.

"మీరు ముందు," అన్నాడు మాస్టారు.

"అయ్యో, బరువు మోస్తున్నారు, మీరు ముందు."

"ఇద్దర్లో ఎవరో ఒకరు తగలడండి ముందు," అని నేను అరిచిన అరుపు పక్క వీధికి కూడా వినిపించి ఉంటుంది. అమ్మ లోపలికి అడుగుపెట్టింది.

వెంటనే తెర మీద ఒక ప్రశ్న వెలిగింది. ఈ మనిషి మీకు ఏమవుతారు? కింద నాలుగు జవాబులు: ఎవరూ కాదు, వ్యాపారి, అతిథి, కుటుంబం. అమ్మకి ఏది నొక్కాలో ఆలోచించేదేముంది, నొక్కేశాను. మాస్టారి వంతు వచ్చింది. అదే ప్రశ్న. నేను అతిథి మీదికి వేలు పోనిచ్చాను.

"అది నొక్కితే లాభం లేదు," అన్నాడు మా ఆయన. "గాలి వచ్చేటప్పుడు తలుపు అతిథుల్ని బయటికి నెట్టేస్తుంది. కుటుంబాన్నే ఉండనిస్తుంది." కాస్త ఆగి, "చూసుకుని నొక్కు. కుటుంబం అని ఒకసారి నొక్కాక తీసేయడానికి వీల్లేదు," అన్నాడు.

నా వేలు అక్కడే ఉండిపోయింది.

బయట మాస్టారు గుమ్మానికి ఒక అడుగు దూరంలో నిలబడి ఉన్నాడు. దుమ్ము మోకాళ్ళ దాకా వచ్చింది. లోపలికి రానివ్వమని అడగలేదు. వీపు మీది సీటు దింపి, నా గుమ్మంలోకి జాగ్రత్తగా తోశాడు.

"ఇది మీ అమ్మగారు కూచునే సీటమ్మా. ఒక్క పెద్ద వస్తువే మోయనిస్తారు కదా, ఇది తెచ్చాను. ఆవిడ లోపలికి వచ్చేశారు, నాకు అది చాలు. మీకు ఇబ్బందైతే తలుపు వేసేయండి, ఏమీ అనుకోను."

మిగతావాళ్ళు ఇల్లు వదిలిపోయేటప్పుడు తుపాకీ తీసుకుంటారు, తిండి తీసుకుంటారు. ఈయన మా అమ్మ కూచునే కుర్చీ మోసుకొచ్చాడు. తన సీటు అక్కడే సిమెంటు కింద వదిలేశాడు. నేను కోటంతా వెతికినా దొరకని మనిషి అప్పుడు కనిపించాడు. మా అమ్మని ఇంత అపురూపంగా చూసుకునే మనిషి ఇంకొకడు ఉన్నాడని తెలిసి నాకు పట్టరాని సంతోషం కలిగింది, దాంతోపాటు కాస్త అసూయ కూడా.

"గాలి వచ్చేసింది," అన్నాడు మా ఆయన మెల్లగా.

"కనిపిస్తోంది," అని నొక్కాను.

మాస్టారు లోపలికి వచ్చాడు. వెనకే తలుపు ధడేలుమని మూసుకుంది. పైన గాలి హోరు మొదలైంది. ఒకరికి సరిపోయే కన్నంలో ముగ్గురం, ఒక మంచం, ఒక కారు సీటు, ఒక కెటిల్. దీపం ఎలా వెలిగించాలో నాకు ఇంకా తెలియదు. ఆ చీకట్లో ఇద్దరూ ఒకరికొకరు, "మీరు కూచోండి" అంటే "మీరు కూచోండి" అనుకోవడం వినిపించింది.

తల తిప్పేసరికి హాలు గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది, హెడ్‌ఫోన్లు మెడలోకి జారిపోయి. పరుగెత్తుకొచ్చినట్టుంది, ఆయాసపడుతోంది.

"ఏం నొక్కావు?" అంది.

"కుటుంబం."

అమ్మ గుమ్మం పట్టుకుంది. "ఆట వరకేనా?" అంది, గొంతు సన్నగా వచ్చింది.

"ఆటలో ఒకసారి నొక్కాక తీసేయడానికి లేదట," అన్నాను. "బయట కూడా అంతే అనుకో."

అమ్మ వచ్చి నా తల తన పొట్టకి అదుముకుని, నవ్వుతూ ఏడవడం మొదలుపెట్టింది. ఆవిడ మెడలోంచి మాస్టారి గొంతు, "అమ్మాయి ఏమన్నారండీ? నాకు వినపడలేదండీ" అని అడుగుతూనే ఉంది. అమ్మ జవాబు చెప్పే స్థితిలో లేదు. నేనే ఆ మైకు దగ్గరికి మొహం పెట్టి ఇంకోసారి చెప్పాను.